సాక్ష్యం చెప్పాక ఆపేసిన గోలీ

ఆ రోజు మా రూతు కుట్టుమిషన్ దగ్గరికి రాలేదు. మామూలుగా నేను మిషన్ ముందు కూర్చుంటే చాలు, కాళ్ళ దగ్గర చేరి, కింద పడిన గుడ్డ ముక్కలన్నీ ఏరుకుని, ఇది బొమ్మకు లంగా, ఇది బొమ్మకు చున్నీ అంటూ నా ప్రాణం తీస్తుంది. అప్పటికి దానికి నాలుగేళ్ళు. ఆ పూట మంచం మీద ముడుచుకుని పడుకుంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పిల్లలన్నాక జ్వరాలు రావా, వస్తాయి. నన్ను భయపెట్టింది జ్వరం కాదు, ఏడుపు. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు, నీళ్ళిస్తే ఏడుపు. నా బిడ్డ అలాంటి పిల్ల కాదు.

మాది నారాయణఖేడ్. బస్టాండు వెనక సందులో ఉంటాం. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన ప్రభుదాస్ ఖేడ్ నుంచి మనూర్ దాకా షేర్ ఆటో నడుపుతాడు. మా అత్తమ్మ సుగుణమ్మ మాతోనే ఉంటుంది. రూతు ఆమెకు ఒక్కతే మనవరాలు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను ఆమెను తిట్టే తిట్లు చదివి ఆమెకు ప్రేమ లేదనుకునేరు. ప్రేమ ఎక్కువయ్యే నా తల ప్రాణం తోకకొచ్చింది.

సందు చివర ఆరెంపీ డాక్టర్ సూది వేసి, సిరప్ రాసిచ్చాడు. "వైరల్ జరమమ్మా. మూడు దినాలుంటది, పోతది" అన్నాడు. మూడు రోజులు పోయాయి, జ్వరం పోలేదు. ఇంకో సూది వేశాడు. అదీ పోయింది, జ్వరం అక్కడే ఉంది.

ఈలోపు పరామర్శలు మొదలయ్యాయి. మా చర్చి సంఘం వాళ్ళకు ఎవరింట్లో జబ్బు చేసినా వెళ్ళి ప్రార్థన చేసి రావడం అలవాటు. మంచి అలవాటే. కానీ ఆమెన్ అన్నాక ఊరికే లేచిపోరు, తలా ఒక వైద్యం చెప్పి పోతారు. రూతు కళ్ళు ఎర్రబడ్డాయి. పుసి లేదు, నీరు లేదు, రెండు కళ్ళూ ఎర్రగా ఉన్నాయంతే. "కండ్లకలక గిది" అని ఒకామె తేల్చేసింది. పెదవులు పగిలి రక్తం వస్తోంది. "వేడి జేసింది పోరికి. సబ్జ నీళ్ళు తాపియ్యి" అంది ఇంకొకామె. నాలుక చూస్తే పొక్కులు లేచినట్టు ఎర్రగా ఉంది. "సూదుల మందు పడలే" అన్నారు. ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వచ్చాక అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు.

"తట్టు! గిది తట్టే. తట్టుకు సూదులెయ్యొద్దు, పోరిని బయటికి తియ్యొద్దు. దానంతట అదే దిగిపోతది."

మా అత్తమ్మ "మనకు అమ్మవారు, గిమ్మవారు గసోంటివి లేవు, మనం నమ్మం" అని వాళ్ళ మొహం మీదే చెప్పింది. నాకు ధైర్యం వచ్చింది. తీరా దుప్పటి దులుపుదామని దిండు ఎత్తితే కింద వేపరెమ్మ!

"ఏంది అత్తమ్మా ఇది?"

"చెట్టును జేసింది దేవుడే గదనే. ఉండనియ్యి, నీకేం బరువైతుంది?"

ఇలాంటి మనిషితో ఏం వాదించను చెప్పండి. ఆ వేపరెమ్మ వల్ల నష్టం లేదు. నష్టమంతా 'బయటికి తియ్యొద్దు' అన్న మాటతో జరిగింది. ప్రభుదాస్ కూడా "అందరు గట్లనే అంటుండ్రు గదా, రెండు దినాలు చూద్దాం" అని ఆటో తీసుకుని పోయాడు. అందరూ అంటే ఎవరు? అందులో ఒక్కరైనా డాక్టర్ ఉన్నారా?

ఆ మరునాటికి రూతు చేతులు, పాదాలు వాచాయి. మెడకు ఒక పక్క గడ్డ కట్టినట్టు ఉబ్బింది. చెప్పు తొడగబోతే గావుకేక పెట్టింది. ఇక నేను ఆగలేదు. రోడ్డు మీదికి పోయి, మనూర్ కిరాయి ఎక్కించుకుంటున్న మా ఆయన ఆటో ముందు నిలబడ్డాను. "దింపు అందరిని. పిల్లను దవాఖానకు తీస్కపోవాలె. నువ్వు రాకపోతే నేనే బస్సు ఎక్కి పోత" అన్నాను. ఆటోలో కూర్చున్న ముసలాయన నా మొహం చూసి తనే ముందు దిగిపోయాడు. ఇంటికి పోయి రూతును ఎక్కించుకుంటే అత్తమ్మ కూడా మాతో బయలుదేరింది.

సంగారెడ్డిలో పిల్లల డాక్టర్ రూతు కళ్ళు చూశాడు, నాలుక చూశాడు, అరచేతులు నొక్కి చూశాడు, మెడ తడిమాడు. "జ్వరం ఎన్ని రోజుల నుంచి?" అన్నాడు. వారం కావస్తోందని చెబితే "ఇన్ని రోజులు ఏం చేస్తున్నారమ్మా?" అని గట్టిగా అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. ఏం చేశామా? సబ్జా నీళ్ళు తాగించాం, సూదులు వేయించాం, ఊరంతా వచ్చి చూసి పోయింది, ఇంకేం చేయాలి! కానీ ఆయన తర్వాత అన్న మాటతో నా కోపం చల్లారిపోయింది.

"కళ్ళకు ఒక జబ్బు, పెదవులకు ఒక జబ్బు, చేతులకు ఒక జబ్బు కాదమ్మా ఇది. అన్నీ కలిపి ఒకటే. కవాసాకి డిసీజ్ అని నా అనుమానం. వెంటనే గుండెకు ఎకో తీయాలి. ఇటు నుంచి ఇటే హైదరాబాద్ వెళ్ళండి."

"జరానికి, గుండెకు ఏం సంబంధం సార్?" అని ప్రభుదాస్ అడిగాడు. ఆయన అప్పటికే రెఫరల్ చీటీ రాస్తున్నాడు.

హైదరాబాద్‌లో పిల్లల గుండె డాక్టర్ ఒక మేడం. ఎకో తీస్తున్నంతసేపూ రూతు ఏడ్చింది, చివరికి మత్తు సిరప్ తాగించి తీశారు. ఒంట్లో మంట ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు, సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రెండూ బాగా పెరిగి ఉన్నాయన్నారు. మేడం మమ్మల్ని కూర్చోబెట్టి, స్టెతస్కోపు గొట్టాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చెప్పింది.

"గుండెకు రక్తం తీసుకుపోయే కరోనరీ ఆర్టరీ ఇలా ఉంటుంది అనుకోండి. మన రక్తంలో తెల్లకణాలుంటాయి, రోగాలతో పోరాడేవి. పాపకు ముందు ఏదో చిన్న ఇన్ఫెక్షన్ వచ్చి ఉంటుంది. అదేమిటో మాకూ కచ్చితంగా తెలీదు. దాంతో ఈ కణాలు రెచ్చిపోయాయి. వాటిలో ముందు న్యూట్రోఫిల్స్ అనేవి ఈ గోడలోకి దూరతాయి. వాటి వెనకాలే టి సెల్స్, మాక్రోఫేజెస్ అనే ఇంకో రెండు రకాలు వస్తాయి. నిజానికి ఆ గోడలో శత్రువు ఎవరూ లేరు. అయినా అవి విడిచే పదార్థాలు గోడను తినేస్తాయి. లోపలున్న ఎలాస్టిక్ పొర తెగిపోతే ఆర్టరీ ఉబ్బి సంచిలా అవుతుంది. దాన్నే ఎన్యూరిజం అంటాం. మీ పాపకు ఎడమ వైపు ఉబ్బడం మొదలైంది, కుడి వైపు కూడా కొద్దిగా ఉంది."

ఎలాస్టిక్ అనగానే నాకు తెలిసిపోయింది. లోపల ఎలాస్టిక్ తెగిన లంగా నడుము ఎలా వదులైపోతుందో నేను రోజూ చూసేదే. లంగాకైతే కొత్తది ఎక్కించి ఇస్తాను, గుండెకు ఏం ఎక్కించాలి?

"కంచెనే చేను మేస్తున్నదన్నట్టు" అంది పక్కనే ఉన్న అత్తమ్మ.

"అవునమ్మా, అదే" అంది మేడం.

"మరి గా కణాలను సంపెయ్యరాదా మేడం?" అని అడిగాను. నిజంగానే అడిగాను. నా బిడ్డ ఒంట్లో పుట్టి, నా బిడ్డ తిన్న తిండి తిని, నా బిడ్డ గుండెనే తినడానికి వాటికేం పోయేకాలం వచ్చిందో అని నాకు పట్టరాని కోపం.

"చంపేస్తే రేపు మామూలు జలుబు వచ్చినా పాప తట్టుకోలేదు. వాటిని శాంతపరుస్తాం. ఐవిఐజి ఎక్కిస్తాం. ఎంతోమంది ఇచ్చిన రక్తంలోంచి తీసిన యాంటీబాడీలు అవి. పది రోజుల్లోపు ఎక్కిస్తే గుండె కాపాడుకునే అవకాశం ఎక్కువ. మీరు ఇంకో నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే కష్టమయ్యేది."

సీసా నుంచి చుక్కచుక్కగా పొద్దంతా ఎక్కించారు. జ్వరం దిగింది. రూతు లేచి కూర్చుని ఇడ్లీ అడిగితే నాకు ఏడుపు ఆగలేదు. ఒక రోజు గడిచిందో లేదో, మళ్ళీ ఒళ్ళు కాలడం మొదలైంది. నేను నర్సు మీద అరిచాను, పాపం ఆ పిల్ల ఏం చేసింది! మేడం వచ్చి, "కొందరు పిల్లలు మొదటి డోసుకు లొంగరు. మళ్ళీ ఎక్కిద్దాం, ఈసారి స్టెరాయిడ్ కూడా ఇద్దాం" అంది. రెండోసారి దిగిన జ్వరం మళ్ళీ రాలేదు.

ఇంటికి పంపేటప్పుడు మేడం మాట నాకు ఇప్పటికీ అప్పజెప్పినట్టు వస్తుంది. "జ్వరం తగ్గింది. ఆర్టరీ ఉబ్బు తగ్గలేదు. పాపకు రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్స్ చాలా పెరిగి ఉన్నాయి. ఉబ్బిన చోట రక్తం నెమ్మదిగా తిరుగుతుంది, గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకడితే నాలుగేళ్ళ పిల్లకు కూడా హార్ట్ ఎటాక్ వస్తుంది. రోజూ ఈ చిన్న ఆస్పిరిన్ గోలీ వేయండి. నేను ఆపమని చెప్పేదాకా ఆపొద్దు."

ఖేడ్‌కు వచ్చాం. రూతు వేళ్ళ చివర్ల నుంచి తోలు పొరలు పొరలుగా ఊడింది. ఈ జబ్బులో అలాగే అవుతుందని ముందే చెప్పారు కాబట్టి నేను భయపడలేదు. కానీ దాన్ని చూసి పోవడానికి మళ్ళీ జనం. "పాత తోలు పోయి కొత్త తోలు అస్తుంది, ఇగ పూర్తిగ బాగైనట్టే" అన్నారు. అత్తమ్మ దవాఖానలోనే మొక్కుకుందట, పిల్ల బతికి ఇంటికొస్తే అందరినీ పిలిచి ప్రార్థన, భోజనాలతో కృతజ్ఞత కూడిక పెడతానని. పెట్టింది. సంఘమంతా వచ్చింది. వాకిట్లో టెంటు వేశాం, మటన్, బగారన్నం వండాం. ప్రార్థన అయ్యాక అత్తమ్మ లేచి, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పింది.

"డాక్టర్లే భయపడ్డరు. నా దేవుడు నా మనవరాలిని లేపి కూసోబెట్టిండు. ఇయ్యాల దానికి ఏ రోగం లేదు, పూర్తిగ బాగైంది!"

అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. ఆ రోజు నాకూ గుండె నిండిపోయింది, అబద్ధమెందుకు.

తర్వాత పెళ్ళిళ్ళ సీజన్ వచ్చింది. పొద్దున్నే జాకెట్ల కోసం ఇంటి ముందు ఆడవాళ్ళు వరస కడితే, గోలీ వేసే పని అత్తమ్మకు అప్పగించాను. కొన్నాళ్ళకు గోలీలు అయిపోవచ్చి ఉంటాయనుకుని, కల్హేర్‌లో బట్టలిచ్చి వస్తూ కొత్తవి కొనుక్కొద్దామని డబ్బా తీసి చూశాను. పాతవే ఉన్నాయి. సగం కూడా అవలేదు.

"అత్తమ్మా, గోలీ ఎయ్యట్లేదా?"

ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. "ఎయ్యట్లే."

"ఎందుకు?"

"సభల నిలబడి బాగైందని సాక్ష్యం జెప్పిన. ఇంట్లకొచ్చి గోలీ మింగిస్తే ఏమైతది? నేను దేవుని ముంగట అబద్ధం ఆడినట్టు గాదా? నమ్మినోళ్ళు మల్ల మందు ఎందుకేస్తరు?"

డబ్బా తెచ్చి ఆమె చేట పక్కన పెట్టాను. ఇక నా నోరు ఆగలేదు. "మరి నీ షుగర్ గోలీ ఏంది? పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి మింగుతవు గదా!"

"దాని మీద నేను సాక్ష్యం జెప్పలేదు గదా" అంది, ఎంతో నెమ్మదిగా.

మా ఆయన వైపు చూశాను. "అమ్మ జెప్పింది నాకు. పిల్ల ఆడుకుంటనే ఉన్నది గదనే. గోలీలు ఎక్కువైతే వేడి జేస్తది" అన్నాడు. అంటే ఇంట్లో ఇద్దరికీ తెలుసు, నాకు ఒక్కదానికే తెలియదు! ఆ రోజు నేను అన్న మాటలు ఇక్కడ రాయను, సందులో అందరూ విన్నారు, అది చాలు. అప్పటికప్పుడు గోలీ కరిగించి తాగించి, పిల్లను ఎత్తుకుని హైదరాబాద్ బస్సెక్కాను. అత్తమ్మను కూడా ఎక్కించాను. రానంటే ఊరుకునేదాన్ని కాదు.

బస్సులో రూతు మా ఇద్దరి మధ్యన కూర్చుని మురుకులు తింటూ కిటికీలోంచి మేకల్ని లెక్కపెట్టింది. దాని నవ్వు చూస్తుంటే ఆ ఛాతీ లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? ఈ జబ్బుతో వచ్చిన చిక్కే ఇది. జ్వరముంటే జనం భయపడతారు, జ్వరం పోతే ఏమీ లేదంటారు.

ఎకో తీశాక మేడం, "కుడి వైపు మామూలైంది. ఎడమ వైపు ఉబ్బు ముందుకంటే కొంచెం పెరిగింది. గడ్డ మాత్రం కనిపించడం లేదు" అంది. గోలీ ఆపిన సంగతి చెప్పాను. నేను చెబుతున్నప్పుడు అత్తమ్మ గోడ వైపు చూస్తోంది.

"ఉబ్బు పెరగడం గోలీ ఆపినందుకు కాదమ్మా. అది ఆ కణాలు చేసిన పని. మంట బయటికి కనిపించకపోయినా గోడలో కొన్ని వారాలు నడుస్తుంది. గోలీ ఉబ్బును తగ్గించదు, గడ్డ కట్టకుండా కాపు కాస్తుంది. ఇన్ని రోజులు కాపు లేకుండా గడిచింది, ఏం కాలేదు. మళ్ళీ మాత్రం అలా చేయకండి."

ఉబ్బు పెరిగిన తప్పు కూడా అత్తమ్మ నెత్తిన వేద్దామని ఆ మాట వినేదాకా మనసులో ఒకవైపు సిద్ధంగా ఉన్నాను. ఆ అవకాశమూ పోయింది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం కంటే పెద్ద బాధ లేదు. బయటికొచ్చాక అత్తమ్మ మెట్ల మీద కూలబడి, "గడ్డ కట్టుంటే నేను సంపినట్టే గదనే" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పుడు కూడా నేను ఆమెను ఓదార్చలేదు. నీళ్ళ సీసా మాత్రం ఇచ్చాను.

కానీ ఆమె ఏడ్చినంత మాత్రాన సమస్య తీరలేదు. ఆమెకు ఇంకా అదే పీకులాట. గోలీ వేస్తానంటుంది, వేస్తూ వణుకుతుంది, మాట తప్పినదాన్నయ్యానంటుంది. రేపు నేను ఇంట్లో లేనప్పుడు మళ్ళీ మనసు మారితే? చివరికి ఆమెను పట్టుకుని మా పాస్టరయ్య ఇంటికి వెళ్ళాను. "అయ్యగారూ, ఒకసారి చెప్పిన సాక్ష్యం వాపసు తీసుకోవచ్చునా?" అని సూటిగా అడిగాను.

ఆయన కథంతా విని తల పట్టుకున్నాడు. "మందు ఎయ్యొద్దని నేనెన్నడన్న జెప్పిన్నా సుగుణమ్మా? నా బీపీ గోలీ మా ఇంటామె రోజు మంచినీళ్ళతోని చేతిల పెడతది. వాపసెందుకు? నువ్వు సగం సాక్ష్యమే జెప్పినవు. మిగిలిన సగం ఆదివారం జెప్పు."

ఆదివారం అత్తమ్మ లేచింది. జీవితంలో ఆమె గొంతు అంత చిన్నగా నేను వినలేదు.

"పోయినసారి నేను జల్దీ పడ్డ. పోరికి జరం పోయింది నిజమే, నన్ను దేవుడు ఏడ్పియ్యలే. గని దాని గుండెకాడ నరం ఇంక ఉబ్బే ఉన్నది. రోజు గోలీ ఎయ్యాలె. నేను ఎయ్యక బంద్ జేసిన, తప్పు జేసిన. ఇగ మీరు మా ఇంటికొస్తే పోరి ఎట్లున్నదని అడగకుండ్రి. గోలీ ఏసినవా అని అడుగుండ్రి."

అడుగుతున్నారండీ! అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. కూరగాయల దగ్గర అడుగుతారు, బస్టాండులో అడుగుతారు, జాకెట్ కొలతలు ఇస్తూ చేతులు పైకెత్తి మరీ అడుగుతారు. ఒకామె సిర్గాపూర్ నుంచి ఫోన్ చేసి "గోలీ ఏసినవా" అని అడిగి పెట్టేస్తుంది, నేనెలా ఉన్నానని కూడా అడగదు. విసుగొస్తుంది. అయినా ఎవరినీ అడగొద్దని అనలేదు.

చిక్కులు అంతటితో తీరలేదు. ఐవిఐజి ఎక్కించిన పిల్లకు దాదాపు ఏడాది దాకా తట్టు టీకా వేయకూడదట, వేసినా పనిచేయదట. ఆ మాట అంగన్‌వాడీలో చెబితే టీకాకు భయపడుతున్నాననుకున్నారు. డాక్టర్ చీటీ తెచ్చి చూపించేదాకా వదల్లేదు. గడువు తీరాక నేనే తీసుకెళ్ళి వేయించాను. పక్కింటి బాబుకు ఆటలమ్మ పోసినప్పుడు ఇంకో గోల. ఆస్పిరిన్ తీసుకునే పిల్లలకు ఆ జబ్బు అంటితే ప్రమాదమని మేడం చెప్పి ఉంది. ఫోన్ చేస్తే పిల్లను దూరంగా ఉంచమని చెప్పి, కొన్నాళ్ళు ఆస్పిరిన్ బదులు వేరే మందు రాసి పంపింది. పక్కింటామె "మా పోరడు అంత పరాయోడైండా" అని నెలరోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ అనుకున్నాను, ఆ నెలలోనే రెండు జాకెట్లు మాత్రం కుట్టించుకుంది.

ఇప్పుడు రూతుకు ఆరేళ్ళు. బడికి పోతుంది, పరుగెత్తుతుంది, నా కత్తెర దాచిపెడుతుంది. కిందటిసారి ఎకోలో ఎడమ వైపు ఉబ్బు సగానికి పైగా తగ్గింది. పూర్తిగా పోలేదు. గోడ మళ్ళీ మునుపటిలా అవుతుందని మాట ఇవ్వలేనని మేడం అంది. కాబట్టి గోలీ నడుస్తోంది, ఎకోలు నడుస్తున్నాయి, నా భయమూ నడుస్తోంది. పొద్దున గోలీ ఇప్పుడూ అత్తమ్మే వేస్తుంది. వేసి, ఖాళీ గ్లాసు తెచ్చి నా మిషన్ మీద బోర్లించి పోతుంది, నేను అడగకముందే.

ఇది చదివే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. చిన్నపిల్లలకు జ్వరం ఐదు రోజులు దాటినా దిగకుండా, దాంతో పాటు పుసి లేని ఎర్రకళ్ళు, పగిలిన పెదవులు, ఎర్రటి నాలుక, దద్దుర్లు, వాచిన చేతులు కాళ్ళు, వీటిలో కొన్ని కనిపించినా సరే, ఎవరు ఏ పేరు పెట్టినా వినకండి. పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళి "ఇది కవాసాకి కావచ్చా, ఎకో తీయాలా" అని మీరే నోరు తెరిచి అడగండి. ఆ తర్వాత ఒక రోజు ఎవరో వచ్చి మీ బిడ్డకు పూర్తిగా బాగైందంటారు. సంతోషించండి, స్తోత్రం చెప్పండి, మటన్ వండి పెట్టండి. కానీ ముందు గోలీ వేయండి.